కాత్యాయని వాటా

యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్ళబోతూ, ఉన్నదాన్ని ఇద్దరు భార్యలకూ పంచి పోతానన్నాడు. మైత్రేయి ఒప్పుకోలేదు. భూమండలం నిండా సిరి ఉన్నా దానితో అమృతత్వం వస్తుందా అని అడిగింది. రాదన్నాడాయన. అయితే ఆ సొమ్ము వద్దు, నీకు తెలిసిన విద్య చెప్పు అంది. బృహదారణ్యకోపనిషత్తులో రెండుచోట్ల వచ్చే ఈ సంభాషణను వేదాంతం చెప్పేవాళ్ళెవరూ వదలరు. ఆయన మరో భార్య కాత్యాయని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆమెకు ఆడవాళ్ళకుండే పాటి తెలివే ఉందని ఉపనిషత్తు ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇల్లు నడిపింది, గింజలు లెక్క చూసింది, వచ్చినవాళ్ళకు వండి పెట్టింది ఆమేనని మనం ఊహించుకోవాల్సిందే.

చదువు జ్ఞానానికా, బతుకుతెరువుకా అన్న ఆ పాత ప్రశ్న ఇప్పుడు మార్కాపురం, గిద్దలూరు డిగ్రీ విద్యార్థినుల ముందుకు మరో రూపంలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ కోర్సులను మార్చి మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక ఊళ్ళోకి వెళ్ళి చేసే సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలల శిక్షణ, చివర్లో ఒక సెమిస్టరంతా పనిచోటే. చదువును కొలువుకు తాకట్టు పెడుతున్నారని బాధపడ్డ పెద్దలు ఉన్నారు. వాళ్ళ బాధను తేలిగ్గా తీసిపారేయకూడదు. మనిషిని జీతానికి అమర్చే పనిముట్టుగా చూస్తే ఆ చదువు నిజంగానే చిన్నదైపోతుంది.

కానీ వాళ్ళు సాక్ష్యానికి పిలిచే గ్రంథాలు వాళ్ళ పక్షాన అంత గట్టిగా నిలబడవు. ముండకోపనిషత్తు విద్యలను పర, అపర అని రెండుగా విడదీసినా, రెండూ తెలుసుకోదగినవేనంది. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి వెళ్తున్న శిష్యుడికి గురువు చెప్పే అప్పగింతలు మరీ సూటిగా ఉంటాయి. సత్యాన్నీ ధర్మాన్నీ ఏమరవద్దని చెప్పిన వరసలోనే కుశలాన్నీ సంపదనూ ఏమరవద్దంటాడు. కుశలమంటే తనను తాను కాపాడుకునే పని అని శంకరుల భాష్యం. అన్నీ వదిలి సన్న్యసించిన ఆచార్యుడే ఆత్మరక్షణ కోసం చేసే పనిని ఇలా గుర్తించడం గమనించాలి.

ఇంకో సంగతి ఉంది. మైత్రేయి వాటా వద్దనగలిగింది, ఎందుకంటే ఇస్తానన్నవాడు ఎదురుగా ఉన్నాడు. చేతికి అందనిదాన్ని ఎవరైనా త్యాగం ఎలా చేస్తారు? హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉంది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. అయినా పెళ్ళప్పుడు పెట్టిన కట్నంతో సరిపోయిందని సంతకం చేసి పుట్టింటి భూమి వదులుకునే ఆడపిల్లలు ఇప్పటికీ ఎందరో. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో వచ్చిన వాటా కూడా చాలాచోట్ల వానను నమ్ముకున్న చేనే. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఎదురుచూస్తూ తరాలు గడిచాయి, కూలికి హైదరాబాదుకో గుంటూరుకో వలస పోవడం ఇక్కడి ఇళ్ళకు అలవాటైపోయింది. ఇలాంటి నేల మీద అమ్మాయికి ఎవరూ లాక్కోలేని వాటా చేతిలో పనే.

ఆ పని ఎలా నేర్చుకుంటుందో దగ్గరగా చూద్దాం. గిద్దలూరులో బీకాం చదివే ఒక అమ్మాయి ఆడిటర్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కు చేరిందనుకుందాం. ట్యాలీలో బిల్లులు ఎక్కిస్తోంది. మార్కాపురం నుంచి పలకరాయి బెంగళూరు పార్టీకి వెళ్ళింది. బిల్లులో మాత్రం పన్ను కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం వేశారు. సరుకు రాష్ట్రం దాటితే పడాల్సింది ఐజీఎస్టీ. పుస్తకంలో చదివింది కాబట్టి ఆమెకా తప్పు కనబడింది. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. లేచి వెళ్ళి, తండ్రి వయసున్న యజమానితో, “సార్, ఈ బిల్లు ఒకసారి చూస్తారా, పన్ను తప్పు పడినట్టుంది” అనాలి. గొంతు వణక్కూడదు. ఎదుటివాణ్ణి నొప్పించకూడదు, తాను వెనక్కి తగ్గకూడదు. తైత్తిరీయంలో శిష్యుడికి గురువు చెప్పిన మొదటి మాట సత్యం పలకమనే. ఎదుట కూర్చున్నవాడు తనకంటే పెద్దవాడైనప్పుడు కూడా దాన్ని పలకడం ఎలాగో తరగతిగది చెప్పలేదు. కార్యాలయ నైపుణ్యాలని పిలిచేవాటిలో సగం ఇదే.

పనికీ వైరాగ్యానికీ వైరం లేదని చెప్పే కథలు మన పక్కనే ఉన్నాయి. మార్కాపురం మీదుగా దోర్నాల దాటి నల్లమల ఎక్కితే శ్రీశైలం. అన్నీ విడిచి మల్లికార్జునుణ్ణి వెతుక్కుంటూ అక్క మహాదేవి చేరింది ఆ కొండకే. ఈ దేశపు మైత్రేయిల్లో ఆమె ఒకరు. బసవడి వెంట నడిచిన అదే శివశరణుల పరంపరలో ఆయ్దక్కి లక్కమ్మ కూడా ఉంది. రాలిన బియ్యం ఏరుకుని బతకడం ఆమెదీ ఆమె భర్తదీ కాయకం, అంటే పూజగా చేసే పని. భర్త ఒకరోజు అవసరానికి మించి తెస్తే, ఎక్కువైంది అక్కడే పోసి రమ్మని నిలదీసిన మనిషి. కాయకమే కైలాసమన్న ఆ శరణుల దారిలో పని చేయడం ముక్తికి అడ్డు కాలేదు, మొగుణ్ణి నిలదీసే నైతికబలం ఆమెకు పనిలోంచే వచ్చింది. మార్కాపురం పలకల కార్ఖానాల్లో దుమ్ము మింగుతూ కూలి చేసిన ఆడవాళ్ళు ఈ లక్కమ్మ వారసులే. దేశంలో ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళాయి. వాళ్ళకు పనితనం ఉంది, దానికి పేరూ విలువా ఎవరూ కట్టలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆ విలువ కట్టారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడి మానేసిన ఆడవాళ్ళకు తక్కువ కాలంలో మెట్రిక్ చదువూ దాంతోపాటు చేతిపనీ నేర్పించారు. చదువునూ వృత్తినీ ఆమె వేరుచేయలేదు.

ఇప్పుడు జరుగుతున్నది అంత పద్ధతిగా ఉందా? చెప్పుకోదగ్గ కంపెనీలు లేని ఊళ్ళలో ఇంటర్న్‌షిప్ చాలాసార్లు ఫోన్‌లో వీడియోలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకోవడంతో సరిపోతోంది. గిద్దలూరు నుంచి ఒంగోలు వంద కిలోమీటర్ల పైమాటే. బస్సు చార్జీలు ఎవరిస్తారు, పొద్దుగూకాక పిల్ల ఎలా వస్తుంది అన్న తల్లిదండ్రుల ప్రశ్నలు న్యాయమైనవి. పెళ్ళి తొందర సరేసరి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. ఆ పిల్లల్లో చాలామంది సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్ ఉండే చివరి ఏడాది దాకా రానేరారు.

పని నేర్పడమంటే తలవంచడం నేర్పడం కాదని కూడా చెప్పి పంపాలి. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం శిక్షణకు వచ్చినవాళ్ళనూ ఉద్యోగుల కిందే లెక్కగట్టింది. పది మందికి తగ్గకుండా పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అంతకంటే చిన్న దుకాణమైతే జిల్లా స్థాయి కమిటీకి చెప్పుకోవచ్చు. కళాశాలలు ఈ సంగతి ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్ మొదటి పేజీలోనే అచ్చువేయాలి.

మార్కాపురం, కంభం, గిద్దలూరు పట్టణాల్లోని ఆడిటర్లు, బ్యాంకు మేనేజర్లు, ల్యాబుల వాళ్ళు, పలకరాయి వ్యాపారులు ఈ ఏడాది ఒక్కో అమ్మాయికైనా కుర్చీ వేసి, బస్సు చార్జీ ఇచ్చి, సంతకం పెట్టే ముందు నిజంగా పని నేర్పాలి.