గతించినవారి కృతికి రంగులద్దుట
కె.వి. రెడ్డిగారి 'మాయాబజార్' 1957లో వెలువడినది. 2010లో దానికి కంప్యూటరుచే రంగులద్ది మరల ప్రదర్శించిరి. మా మిత్రులొకరు దానిని టెలివిజనులో జూపగా, పిల్లలు తుదివరకు గదలలేదట! ఆ సంతోషమును మేము కాదనము. కాని దర్శకులు 1972లోనే గతించిరి. ఛాయాగ్రాహకులగు మార్కస్ బార్ట్‌లీగారు వెలుగునీడలతోడనే నౌకావిహారమునకు వెన్నెల గల్పించిరి. వారును 2010 నాటికి లేరు. ఆ వెన్నెలకు రంగు పూయుటకు ఎవరి యనుమతి గైకొనవలెను? హక్కుదారుల యనుమతి చాలునని మిత్రులందురు. హక్కు వేరు, ధర్మము వేరు. అయినను పాతప్రతి చెడక నిలిచియున్నంతకాలము రంగులప్రతిని దానికొక వ్యాఖ్యానముగా నెంచవచ్చును. పాతదానిని మరుగుపరచి, ఇదియే మాయాబజారని పిల్లలకు జెప్పుట మాత్రము మాకు సమ్మతము గాదు. వచ్చు ఆదివారము మిత్రుల యింట నలుపు తెలుపు ప్రతిని వేయుదుమనుకొంటిమి; పిల్లలేమందురో చూడవలెను.