చేలో తిన్న అన్నం

చీమకుర్తి అనగానే లోకానికి గెలాక్సీ గ్రానైట్ గుర్తొస్తుంది. నల్లరాతిలో బంగారు చుక్కలు. దేశదేశాల ఇళ్ళల్లో వంటగట్లకు ఆ రాయి పరుస్తారు. ఆ క్వారీలు దాటి చేలల్లోకి నడిస్తే మాత్రం మూడు రాళ్ళ పొయ్యే. మిరప, పత్తి, పొగాకు, శనగ వేసే ఈ నేలలో సాయిబులూ దూదేకులవాళ్ళూ సొంతానికో కౌలుకో చేసుకునే చెక్కలూ ఉన్నాయి. ఊరికి దూరంగా ఉన్న అలాంటి చేను దగ్గరికి మధ్యాహ్నం వేళ ఎడ్ల బేరానికో, మిరప బేరానికో, బోరు బాగుచేయడానికో మనిషి వస్తే అన్నం పెట్టకుండా పంపడం జరగదు. పంపితే ఎక్కడికి పోతాడు? దగ్గర్లో హోటలుండదు. నీళ్ళు కూడా మా కుండలోవే తాగాలి.

ఈ అన్నం గురించే మేము మాట్లాడాలనుకుంటున్నాం.

ఊళ్ళో మా పెళ్ళిళ్ళకు హిందూ మిత్రులొస్తే వేరే పొయ్యి పెట్టిస్తాం. వేరే వంటమనిషి, వేరే గిన్నెలు. ఒకప్పుడు వండినది కూడా వద్దనేవాళ్ళకు బియ్యం, పప్పు, నెయ్యి కొలిచి ఇచ్చేవాళ్ళు. పెద్దలు దీన్ని మర్యాద అన్నారు. మర్యాదే, కాదనం. అతిథి నియమాన్ని మన్నించని ఆతిథ్యం ఏం ఆతిథ్యం? అటునుంచీ ఇలాంటి మర్యాద ఉంది. కోడిని మా చేతికిచ్చి "మీరే బిస్మిల్లా చెప్పి కోయండి సాయిబుగారూ" అన్న రైతులున్నారు. తన ఇంటి కత్తిని అతిథి చేతిలో పెట్టడం చిన్న సంగతేం కాదు. కాకపోతే ఒక తేడా ఉంది. ఆ కోడికూర ఆయనా మేమూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకున్నాం. మా పెళ్ళి పప్పన్నం ఆయన పందిరికి అటుపక్కన కూర్చుని తిన్నాడు.

చేలో అటుపక్క అనేదే లేదు. ఒకే పొయ్యి, ఒకే కుండ, ఒకే వేపచెట్టు నీడ. అన్నం, గోంగూర, ఉంటే ఎండుచేపల పులుసు. వచ్చినవాడు ఏ కులమైనా తృప్తిగా తింటాడు. "అమ్మా, ఇంకాస్త గోంగూర" అని అడుగుతాడు కూడా. సాయంత్రం ఊళ్ళో "ఎక్కడ తిన్నావు?" అంటే "ఎక్కడో తిన్నాలే" అంటాడు.

మా మనసును కోసేది ఈ "ఎక్కడో".

లౌకికవాద మిత్రులు అంటారు, తిన్నాడుగదా, చెప్పకపోతేనేం అని. తినడం ఆకలి చేయించిన పని. ఆపద్ధర్మం. మా షరీఅత్‌లోనూ ప్రాణం మీదికొస్తే నిషిద్ధమైనది తినొచ్చు. మరి మా గోంగూర ఏ పద్దులో పడింది? ఆపద్ధర్మంగా మింగిన నిషిద్ధ వస్తువుగానా, అన్నంగానా? అతను ఊళ్ళో చెప్పే జవాబును బట్టే అది తేలుతుంది.

ఇబ్రాహీం ప్రవక్త కథ ఖురాన్లో ఉంది. తెలియని అతిథులొస్తే ఆయన వేయించిన దూడమాంసం తెచ్చి ముందు పెడతాడు. వాళ్ళ చేతులు దాని దగ్గరికి పోవు. ఆయనలో భయం పుడుతుంది. వాళ్ళు దైవదూతలని తర్వాత తెలుస్తుంది. అన్నం ముట్టని అతిథి మనసులో ఏముందోనన్న భయం అది. ఆ భయం మాకు కొత్త కాదు. 2015 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర ఒక ముస్లిం ఇంట్లో ఏ మాంసం ఉందోనన్న పుకారు మీద మనిషినే చంపేశారు. అప్పటినుంచి మా గిన్నెల వైపు ఎవరు తొంగిచూసినా ఆకలితోనా, ఆరా తీయడానికా అని ఒక క్షణం ఆగుతున్నాం.

నాస్తికుడు గోరా 1972లో విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి విందు పెట్టారు. ఆయన సాహసాన్ని తక్కువ చేయం. కానీ అక్కడ తినడమంటే మతం దాటామని రుజువు చేయడం. ఆకలితో వచ్చిన అతిథికి మేము పరీక్ష పెట్టం. మా మాంసం తినక్కర్లేదు. కూరగాయలే తినండి, మజ్జిగే తాగండి. మా ఇంట్లో తాగామని ఊళ్ళో చెప్పండి.

ఇంతవరకూ రాసి మన ముస్లిం పాఠకుల వైపు తిరగాల్సి వస్తోంది. మిరపకోతల రోజుల్లో మన చేలకొచ్చే కూలీలు ఎక్కువమంది దళిత స్త్రీలు. మధ్యాహ్నం వాళ్ళు గట్టు మీద వేరే కూర్చుంటారు. కొన్ని చేలల్లో కూర పోసే ఆడమనిషి గరిటె వాళ్ళ గిన్నెకు తగలకుండా జానెడు ఎత్తునుంచి వంపుతుంది. ఆ జానెడు ఏ హదీసులోనూ లేదు. ఖురాన్లో ఐదో సూరా పేరు మాయిదా, అంటే ఆహారం పరిచిన బల్ల. దస్తర్‌ఖాన్ ముందు సయ్యద్‌కూ దూదేకులవాడికీ తేడా లేదని జుమ్మా ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. అయినా ఆ కూలితల్లి సాయంత్రం ఇంటికెళ్ళాక "మధ్యాహ్నం ఎక్కడ తిన్నావే?" అని వాళ్ళవాళ్ళు అడిగితే, "సాయిబుల ఇంట్లో" అంటుందా, "గట్టు మీద" అంటుందా?