వాపసు లేని టిక్కెట్టు

మా వరంగల్లు వాళ్ళకి చెరువులు తెలిసినంతగా సముద్రం తెలియదు. పొద్దున్నే భద్రకాళి చెరువు గట్టు మీద నాలుగడుగులు వేస్తే అదే మాకు సముద్రతీర విహారం. పాకాల, రామప్ప, లక్నవరం అన్నీ కాకతీయుల కాలం నాటి నీళ్ళే. వాటిలో ఎంత పెద్ద దానిలో పడవ ఎక్కినా గట్టు కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి ఊళ్ళో పుట్టి, ముప్పై నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, రిటైరైన మనిషికి గట్టు కనిపించని నీళ్ళ మీద తిరగాలని ఎందుకనిపించిందని అడగకండి. అనిపించింది, అంతే.

విశాఖ రేవులో విహారనౌకల ప్రయాణికుల కోసం 2023లో కొత్త టెర్మినల్ తెరిచారని పేపర్లో చదివిన రోజు నుంచీ ఆ పురుగు నన్ను తొలుస్తూనే ఉంది. చివరికి ఈమధ్య మూడు రాత్రుల ఓడ ప్రయాణానికి రెండు గదులు బుక్ చేశాను. ఒకటి నాకూ మా ఆవిడకూ. రెండోది డెబ్భై ఎనిమిదేళ్ళ మా అమ్మకీ, ఆవిడకి తోడుగా మా చిన్నమ్మకీ.

అంతా బాగానే ఉండేది. బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఫోన్ చేయకపోతే.

"నాన్నా, అదే ఓడ, అదే తేదీ, అవే గదులు. ఇప్పుడు తక్కువకిస్తున్నరు. పాతవి రద్దు చేసి కొత్తగా తీసుకుంటే రెండు గదుల మీద 28,000 మిగుల్తయి. శుక్రవారం లోపల పాతవి రద్దు చేస్తే మన పైసలు మనకొస్తయి."

"మరి ఇందులో మెలిక ఏంది?" అన్నాను. ముప్పై నాలుగేళ్ళ గుమాస్తాగిరీ ఊరికే పోతుందా!

మెలిక ఉంది. తక్కువ ధర టిక్కెట్టు తీసుకున్నాక తేదీ మార్చడానికి లేదు. పేరు మార్చడానికి లేదు. రద్దు చేసుకుంటే చిల్లిగవ్వ కూడా రాదు.

ఇందులో కంపెనీ వాడి మోసం ఏమీ లేదు. ముందే చెబుతున్నాడు. ఓడ కదిలాక ఖాళీగా ఉండిపోయిన గది, చీకటి పడ్డాక బండి మీద మిగిలిన తోటకూర లాంటిది. మర్నాడు అమ్మడానికి పనికిరాదు. అంచేత వచ్చి తీరతాడనుకున్న వాడికి కాస్త తగ్గించి ఇస్తాడు. మన బట్టల బజారులో "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు ఉండదూ? ఇదీ అదే. రైలు వాళ్ళ లెక్క ఇంకో రకం. తత్కాల్ టిక్కెట్టుకి డబ్బు ఎక్కువా పుచ్చుకుంటారు, ఖాయమైన బెర్తు రద్దు చేసుకుంటే వాపసూ ఇవ్వరు. ఆ పక్కన చూస్తే ఓడవాడే ధర్మాత్ముడు.

ఆ రాత్రి కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. 28,000 అంటే మా ఇంట్లో చిన్న సంగతి కాదు. అదే ఓడకి, అదే గదికి ఎక్కువ పోయడమెందుకు? ఆ ఎక్కువ డబ్బుకి నాకు దొరుకుతున్న సరుకేమిటి? ఆలోచించగా తేలిందేమిటంటే, అది మనసు మార్చుకునే హక్కు. "రాను" అనగలిగే హక్కు. కంటికి కనిపించదు, వాడకపోతే దండగ. అయినా దానికో ధర ఉంది. మనకి తెలియకుండానే ఇన్నాళ్ళూ కొంటున్నాం.

అయితే ఆ హక్కు మంచిదేనా? నా మట్టుకు నాకు అనుమానమే. మా నాన్న సంగతి చెబుతాను.

ఆయన ఆజంజాహి మిల్లులో గుమాస్తా. కాశీ పోవాలని కోరిక. మూడుసార్లు రిజర్వేషన్ చేయించారు, మూడుసార్లూ రద్దు చేశారు. ఒకసారి మా చెల్లెలి పురుడు. ఇంకోసారి నా పరీక్షలు. మూడోసారి ఎందుకు మానుకున్నారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. రద్దు చేస్తే పోయేది కొద్ది రూపాయలే గనక ఆయనకి మానుకోవడం తేలికైంది. "కాశీ ఎక్కడికి పోతది, ఆడనే ఉంటది" అనేవారు. నిజమే, కాశీ అక్కడే ఉంది. ఆయనే లేరు. ఆ టిక్కెట్టు వాపసు లేనిదై ఉంటే, డబ్బు మీద మమకారంతోనైనా మా నాన్న గంగలో మునిగి ఉండేవారు కదా అని నాకిప్పటికీ అనిపిస్తుంది. మాట ఇవ్వడం, ముహూర్తం పెట్టుకోవడం, మొక్కుకోవడం ఇవన్నీ ఏమిటి? రేపు మన బుద్ధి జారిపోతుందని ముందే తెలిసి, ఇవాళే దాన్ని గుంజకి కట్టేసుకోవడం. కట్టేసుకోని మనిషి ఎక్కడికీ చేరడు.

కాబట్టి తక్కువ టిక్కెట్టే మేలు, డబ్బుకి డబ్బూ మిగులుతుంది, ప్రయాణానికి ప్రయాణమూ అవుతుంది అనుకుని లేచాను. పక్క గదిలోంచి అమ్మ దగ్గు వినిపించింది.

అంతే, రెండేళ్ళ కిందటి తిరుపతి జ్ఞాపకం వచ్చింది. బంధువుల పెళ్ళికని తత్కాల్ లో టిక్కెట్లు తీసుకున్నాం. బండి ఎక్కిన రాత్రే అమ్మ ఒళ్ళు కాలిపోతోంది. పెళ్ళి మానుకుని రెండు రోజులు ఆస్పత్రి వరండాలో కూర్చున్నాం. జ్వరం ఎప్పుడొచ్చిందని డాక్టరు అడిగితే, బయలుదేరడానికి ముందు రోజే వచ్చిందని అప్పుడు చెప్పింది.

"నాకు చెప్పొద్దా అమ్మా?" అన్నాను కోపంగా.

"చెప్తె మీరంత ఆగిపోతరు, పైసలన్ని మునుగుతయి. ఎందుకని సప్పుడు చెయ్యలే బిడ్డా."

ఆ మాట ఇప్పుడు తిరిగి వినిపించేసరికి నా లెక్క అంతా తారుమారైంది. ఆ రోజు వాపసు లేని టిక్కెట్టు నన్ను కట్టేయలేదు, మా అమ్మ నోరు కట్టేసింది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తమకోసం ఒక రూపాయి ఖర్చయితేనే ముడుచుకుపోతారు. అలాంటి మనిషి చేతిలో ‘నువ్వు రాకపోతే ఇన్ని వేలు గంగపాలు’ అనే కాగితం పెడితే కాళ్ళు వాచినా కుంటుకుంటూ వస్తుంది గాని రానని అనదు. మనం మిగిల్చిన డబ్బులో కొంత ఆవిడ నొప్పిలోంచి వచ్చిందే అవుతుంది. నన్ను నేను కట్టేసుకోవడం నియమం. ఇంకొకరిని కట్టేసి దానికీ నియమమనే పేరు పెడితే ఎలా?

సముద్రం లేని మా ఓరుగల్లుని ఏలిన గణపతిదేవుడికి ఈ సంగతి బాగా తెలుసు. ఆయన రాజ్యానికి రేవు మోటుపల్లి, ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడ 1244లో ఆయన వేయించిన అభయ శాసనం ప్రసిద్ధం. తుఫానుకి చిక్కి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకు ముందు రాజులు బలవంతంగా లాక్కునేవారట. గణపతిదేవుడు అది మాని, నిర్ణయమైన సుంకం తప్ప తక్కింది ముట్టబోమని వర్తకులకి అభయమిచ్చాడు. ఆపదలో పడ్డవాడి దగ్గర రాబట్టగలిగినా రాబట్టకపోవడం రాజధర్మమని ఆయన ఉద్దేశం. పుణ్యంతో పాటు వర్తకమూ పెరుగుతుందని లెక్క వేసుకునే ఉంటాడనుకోండి. అయినా మంచి పనే. ఆ ఊరివాణ్ణే నేను, కన్నతల్లి దగ్గర ఆ మాత్రం ఉదారంగా ఉండలేనా?

మధ్యేమార్గం తోచింది. మా ఇద్దరి గదీ తక్కువ ధరకి మార్చేద్దాం. అమ్మ గది పాత టిక్కెట్టు మీదే ఉంచుదాం. మిగిలేది 14,000. నాకు మా నాన్న జబ్బు రాకుండా ఓ గుంజ, అమ్మకి మాత్రం తలుపు తెరిచి ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. మా ఆవిడ కూడా మెచ్చుకుంది. ఇది అరుదైన విషయం.

పొద్దున్నే అమ్మకి విప్పి చెప్పాను. ఆవిడకి టిక్కెట్ల సంగతి తెలియదనుకోకండి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సులో జీరో టిక్కెట్టు వచ్చాక, మా బంధువుల ఊళ్ళన్నీ రెండుసార్లు చుట్టి వచ్చింది. డబ్బూ లేదు, బంధమూ లేదు. నడుము నొప్పెడితే నడిమధ్యలో దిగిపోవచ్చు. అలాంటి టిక్కెట్టు అలవాటైన మనిషి.

అంతా విని, చిక్కుడుకాయ తుంచుతూ అడిగింది.

"అంటె నా పైసలు వాపసొస్తయి, మీయి రావు. గంతేనా?"

"అంతే."

"మరి నేను రానంటె మీరిద్దరు పోతరా?"

నేను గతుక్కుమన్నాను. అమ్మని ఇంట్లో వదిలి మేమిద్దరం ఓడ ఎక్కుతామా? ఎక్కం. ఎక్కకపోతే మా డబ్బు పోతుంది. ఆ సంగతి అమ్మకీ తెలుసు. అంటే నేను తెరిచానని మురిసిపోయిన తలుపుకి మా గది టిక్కెట్టే గొళ్ళెమై కూర్చుంది. రాత్రంతా వేసిన లెక్కలో తప్పు ఎక్కడుందో ఈవిడ చిక్కుడుకాయ ఈనె తీసినంత తేలిగ్గా తీసి చూపించింది.

డబ్బుతో కొనలేనిది ఇంకోటి ఉందన్నమాట. ఆవిడ నిజంగా ‘రాను’ అనాలంటే, ‘సరే, మేం వెళ్ళొస్తాం’ అని నేను నిజంగా అనగలగాలి. మొహం మాడ్చుకోకుండా, నలుగురూ ఏమనుకుంటారోనని చూడకుండా. అది కష్టం. 14,000 కంటే కష్టం.

కాసేపు ఆగి, "పోతాం అమ్మా. నువ్వు రాలేకపోతే చెల్లెల్ని పిలిపించి నీ దగ్గర ఉంచి, మేం పోతాం," అన్నాను.

నా మొహంలోకి పరీక్షగా చూసింది. నిజమే చెబుతున్నానని నమ్మకం కుదిరినట్టుంది.

"గట్లయితె మంచిది. మీ నాయిన తీరు చెయ్యకున్రి. నా కాళ్ళు గప్పటికి ఎట్లుంటయో సూద్దాం," అని చిక్కుళ్ళ పళ్ళెం పట్టుకుని లేచింది.

శుక్రవారం సాయంత్రం మా గది టిక్కెట్టు మార్చేశాను. ప్రయాణం ఇంకా నెలరోజులుంది. అమ్మ వస్తుందో రాదో నాకు తెలియదు, నేను అడగడం లేదు. కాకపోతే నిన్న వంటింట్లో చిన్న జాడీ ఒకటి తోమి ఎండబెట్టింది. ఓడలోకి మామిడికాయ తొక్కు తీసుకుపోనిస్తారో లేదో మా అబ్బాయిని కనుక్కోమన్నాను.