చూడడానికి మనకున్న హక్కు ఎంత?



కోరాపుట్, రాయగడ జిల్లాలలో ఉద్యోగాలకూ వ్యాపారాలకూ వచ్చి స్థిరపడిన మనవారు చాలామంది చలికాలంలో పిల్లలతో కొలాబ్ జలాశయానికో, జలాపుట్‌కో వెళ్తుంటారు. ఇప్పుడు అందరి చేతిలో ఫోను, కొందరి మెడలో పెద్ద కెమెరా. నీటి మీద అడవి బాతుల గుంపు కనబడగానే ఇంకా కొంచెం దగ్గరకు పోవాలనిపిస్తుంది. ఎంత దగ్గరకు పోవచ్చు? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది గాని చిన్నది కాదు.

ఈల వేసినట్టు అరిచే గోధుమరంగు చిన్న బాతు మన దేశంలోనే ఉంటుంది. అది ఎక్కువగా రాత్రివేళ మేసి పగలు విశ్రమిస్తుంది. సూదితోక బాతు వంటివి ఉత్తరాసియా నుండి చలికాలానికి మన దేశం వచ్చి, ఎండలు ముదరక ముందే తిరిగిపోతాయి. ఆ దూర ప్రయాణానికి కావలసిన బలం ఇక్కడి మేతతోనే కూడబెట్టుకోవాలి. పొట్ట చేతబట్టుకొని పరాయిచోటికి వచ్చినవారి అవస్థ మనకు వేరొకరు చెప్పనక్కరలేదు గదా!

బాతుకు మన భాష రాదు గాని తన మాట తాను చెబుతుంది. మొదట మేత మాని మెడ నిక్కించి చూస్తుంది. తరువాత గుంపంతా అవతలికి ఈదుతుంది. చివరకు ఒక్కసారిగా ఎగిరిపోతుంది. ఎగిరే గుంపు ఫొటోలో బాగుంటుంది. దానికి అయిన ఖర్చు మాత్రం ఫొటోలో కనబడదు. “ఒక్కసారికి ఏమవుతుంది?” అంటాము. మన వెనుక వచ్చే ప్రతి పడవవారూ అదే మాట అంటారు.

“దగ్గరగా చూడకపోతే ప్రేమ ఎలా పుడుతుంది?” అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చిలికా ఒడ్డున మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ పక్షులను వేటాడి అమ్మేవారు. తరువాత ఆ వేటగాళ్ళే కావలివారయ్యారు. ఇప్పుడు ఇంజను లేని పడవను గెడతో నెమ్మదిగా తోస్తూ పక్షులను చూపిస్తారు. అక్కడ పక్షులు మనిషిని దగ్గరకు రానిస్తాయి. ఆ దగ్గరతనం ఎవరూ లాక్కున్నది కాదు. వేట మానిన తరువాత ఏళ్ళ తరబడి సంపాదించుకున్న నమ్మకం అది.

ఈ సంగతి నీటి దగ్గరే ఆగిపోదు. గురువారం ఒనుకుడెల్లి సంతకు బోండా స్త్రీలు, బుధవారం చాటికోన సంతకు డొంగరియా కోందులు సరుకు అమ్ముకోవడానికి వస్తారు. వారిని అడగకుండా ఫొటోలు తీసేవారు ఎందరో! మనుషులు పక్షులు కారు. పక్షిని అడగలేము గనుక దాని మెడ చూసి తెలుసుకోవాలి. మనిషినైతే నోరు తెరచి అడగవచ్చు. వద్దంటే ఊరుకోవచ్చు. పక్షి విషయంలో పాటించే మర్యాద సాటి మనిషి విషయంలో పాటించకపోతే అది మర్యాదే కాదు.

కాబట్టి ప్రియులారా, బాతు తల ఎత్తిన చోటనే ఆగుదాము. దూరం నుండి తీసిన ఫొటోలో అది చుక్కంతే కనబడవచ్చు. అయినా తన మేత తాను మేస్తున్న బాతును చూసినవారమవుతాము. తరిమి తీసిన ఫొటోలో కనబడేది బాతు భయమే.