ఒక రూపాయి, రెండు చేతులు
దేశాదాయము ఎంత యనునది ఒక ప్రశ్న. అది ఎవరి చేత నున్నదనునది వేరొక ప్రశ్న. ఆదాయము పెరిగినంతగా వినియోగము పెరుగదని జాన్ మేనార్డ్ కీన్స్ 1936లో వ్రాసెను. అవసరములు తీరిన ధనికునికి అదనముగా వచ్చిన రూపాయిలో అధికభాగము నిలువ యగును. అది పెట్టుబడి కాగలదు గాని వెంటనే అంగడికి రాదు. కూలివాని రూపాయి బియ్యమై, మందులై, ఆ సాయంకాలమే మరియొకరి ఆదాయమగును. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనప్పుడు, కరవు సీమలో కూలి సొమ్ము ఊరి అంగడికి చేరుటకు ఒక త్రోవ యేర్పడెను.

అయితే అంగడి కళకళలాడుటకేనా పేదవానికి కూలి ఇయ్యవలసినది? కాదు. కూలి యనునది చేసిన పనికి చెల్లవలసిన బాకీ. బేరములు మందగించిన దినమునను ఆ బాకీ తీర్పవలసినదే.