అడ్డం ఎవరు?

మా అమ్మ సాయంత్రం పూట కూరగాయలకి నడిచి వెళ్లడం మానేసి ఏడాది దాటింది. మోకాళ్ల నొప్పుల వల్ల కాదు, డాక్టరు రోజూ నడవమనే చెప్పాడు. నరసరావుపేట మల్లమ్మ సెంటర్ దగ్గర ఒక సాయంత్రం వెనక నుంచి వచ్చిన బైకు హ్యాండిల్ ఆమె మోచేతికి తగిలింది. సంచి జారి టమాటాలు రోడ్డు మీద దొర్లాయి. ఎముకలేవీ విరగలేదు. బండి మీద కుర్రాడు వెనక్కి తిరక్కుండానే "అడ్డం నడుస్తావేందమ్మా!" అని అరిచి వెళ్లిపోయాడు. జరిగింది అంతే. మర్నాటి నుంచి అమ్మ ఇంటి ముందుకొచ్చే తోపుడు బండి దగ్గరే కూరలు కొంటోంది.

నన్ను వదలని సంగతి వేరే ఉంది. ఆ కుర్రాడు అమ్మకి తెలుసు. మా వీధి చివరింటి పిల్లాడే. నెల తర్వాత వాళ్లక్క పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి మా ఇంటికొచ్చాడు. చెప్పులు బయట విప్పి, "బాగున్నారా పిన్నీ, తప్పకుండా రావాలి" అన్నాడు. అమ్మ మంచినీళ్లిచ్చింది. ఆ రోజు తను తగిలించింది ఈ పిన్నికే అని అతనికి తెలియదు. చూస్తే కదా తెలిసేది.

"చెప్పకపోయావా?" అన్నాను.

"చెబితే బాధపడతాడ్రా. మంచి పిల్లోడు" అంది.

పెద్ద నగరాల్లో మోటు డ్రైవింగ్‌కి మనం ఒక కారణం చెప్పుకుంటాం. హైదరాబాద్‌లో ఎవరికీ ఎవరూ తెలియదు, అందుకే తోసుకుపోతారు అని. మేం పేట అని పిలుచుకునే ఈ ఊళ్లో ఆ సాకు నిలవదు. జనాభా లక్ష దాటినా, 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లాకి కేంద్రమైనా, ఇక్కడ సందు మలుపులో తగిలే మనిషి మీ లెక్కల మాస్టారు కావచ్చు, మీ నాన్నతో చీటీ కట్టే ఆయన కావచ్చు. పరిచయం ఉంటే మర్యాద దానంతటదే వస్తుందనుకుంటాం. కానీ పరిచయం మొహం చూడటంతో మొదలవుతుంది. బండి మీద నుంచి కనపడేది వీపు. ఇంకా నిజం చెప్పాలంటే, కనపడేది ముందున్న ఖాళీ, ఆ ఖాళీకి ఒక అడ్డం.

ఈ మాట ఆ కుర్రాడొక్కడి గురించే కాదు. ఊరెళ్లినప్పుడు నేనూ నాన్న స్కూటర్ తీస్తాను. పల్నాడు రోడ్డులో ఆసుపత్రులు ఎక్కువ. మాచర్ల, గురజాల వైపు నుంచి కూడా జనం వస్తారు. ఎక్స్‌రే కవరు పట్టుకుని, ఏ బోర్డు ఎక్కడుందో వెతుక్కుంటూ రోడ్డు వారన నడుస్తుంటారు. వాళ్ల వెనక ఎన్నిసార్లు హారన్ కొట్టానో నా దగ్గర లెక్క లేదు. "నేనొస్తున్నాను, జాగ్రత్త" అని చెప్పడానికి పెట్టిన హారన్‌ని మనం "తప్పుకో" అనడానికి వాడతాం.

"తప్పుకో" అన్న మాట మీద మనకో పాత కథ ఉంది. కాశీ వీధిలో శంకరాచార్యులకి ఒక చండాలుడు ఎదురొస్తాడు. శంకరులు తప్పుకోమంటారు. అతను తిరిగి అడుగుతాడు: ఎవర్ని తప్పుకోమంటున్నావు, ఈ దేహాన్నా, లోపలున్న ఆత్మనా? మనీషా పంచకం ఈ సందర్భంలోనే పుట్టిందంటారు. దీన్ని అద్వైతం కథగా వింటూ పెరిగాం. నాకిప్పుడు వీధి కథగా కూడా కనిపిస్తోంది. దారిలో ఎవరు ఆగాలి, ఎవరు జరగాలి అన్న ప్రశ్నలో ఎవరు ఎక్కువ అన్న లెక్క ఎప్పుడూ దాక్కునే ఉంది. అప్పుడు ఆ లెక్క పుట్టుకని బట్టి. అది ఇంకా పోలేదు, దాని పక్కన బండి సైజు లెక్క ఒకటి వచ్చి చేరింది. లారీకి కారు జరుగుతుంది, కారుకి ఆటో, ఆటోకి బైకు, బైకుకి సైకిలు. అందరికీ జరగాల్సింది నడిచేవాళ్లు.

అందుకే మన ఊళ్లలో నడవడం నామోషీ అయింది. ఉద్యోగం రాగానే "ఇంకా నడిచెళ్తున్నావేంటి, బండి కొనుక్కో" అంటారు. ఇక నడిచేది ఎవరు? బడిపిల్లలు, ముసలివాళ్లు, ఇళ్లలో పనికెళ్లే ఆడవాళ్లు, బస్సు దిగిన రోగులు. రోడ్డు ఎలా ఉండాలో నిర్ణయించేవాళ్లు వీళ్లలో లేరు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో దాదాపు ఐదో వంతు నడిచేవాళ్లు. మా అమ్మ లాంటివాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. దెబ్బ తగలకపోయినా భయపడి ఇంట్లో ఉండిపోయినవాళ్లని ఎవరు లెక్కేస్తారు?

సరే, మనుషులు మారితే చాలదా? నేను ప్రయత్నించాను. ఒకరోజు పల్నాడు రోడ్డులో ఒక ముసలాయన దాటాలని చూస్తుంటే స్కూటర్ ఆపి, రమ్మని చెయ్యూపాను. ఆయన నన్ను నమ్మి అడుగేశాడు. నా వెనక బైకు ఎడమ పక్క నుంచి దూసుకొచ్చింది. వెంట్రుకవాసిలో తప్పింది. ఆయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఎవరూ ఆగని రోడ్డు మీద ఒక్కడు ఆగితే అది కూడా ప్రమాదమే. దారివ్వడం దయగా ఉన్నంత కాలం నడిచేవాళ్లు ఎదుటివాడి మూడ్ మీద ఆధారపడి బతకాలి. అది హక్కు కావాలి. ఆ హక్కు రోడ్డు ఆకారంలోనే కనపడాలి.

న్యాయస్థానం ఈ మాట ఇప్పటికే చెప్పింది. నడవడానికి వీలైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని 2025 మే 14న సుప్రీంకోర్టు అంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డం లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. 1.8 మీటర్లంటే సుమారు ఆరడుగులు. అమ్మా నేనూ పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడిచేంత. మా ఊళ్లో చాలాచోట్ల ఫుట్‌పాత్ అంటే సైడు కాలవ మీద పరిచిన పలకలే. వాటి మీద షాపు మెట్టు, మెట్టు ముందు బైకులు. నడిచేవాళ్లు రోడ్డు మీదకి దిగక తప్పదు. దిగాక "అడ్డం" అవుతారు.

ఇక్కడో జాగ్రత్త అవసరం. ఫుట్‌పాత్ ఖాళీ చేయించాలనగానే మనకి ముందు గుర్తొచ్చేది పూలమ్మే ఆవిడ బుట్ట, తోపుడు బండి. అమ్మకి ఇప్పుడు కూరలు అందుతున్నదే ఆ బండి వల్ల. వీధి వ్యాపారుల కోసం 2014లో వచ్చిన చట్టం వాళ్ల బతుకుతెరువుని కాపాడుతూ చోటు చూపించమనే చెబుతుంది. పొద్దుట్నించీ ఒకేచోట ఊరికే నిలబడి ఉన్న కారు ఆ బుట్టకంటే ఎంతో జాగా తింటోంది. ముందు కదలాల్సింది అది.

"మనవాళ్లు మారరండీ, ఇక్కడ కుదరదు" అంటారు. స్పెయిన్‌లో పొంతెవేద్రా అనే ఊరుంది, మా పేటకంటే చిన్నది. 1999లో కొత్త మేయర్ వచ్చాక ఊరి నడిబొడ్డు వీధుల్ని కార్ల నుంచి తీసుకుని నడిచేవాళ్లకి ఇచ్చారు. అదే మేయర్‌ని జనం మళ్లీ మళ్లీ ఎన్నుకున్నారు. అంత దూరం వద్దనుకుంటే, మహాశివరాత్రికి కోటప్పకొండ దారి చూడండి. ప్రభ కదిలితే కరెంటు ఆపి, తీగలు తప్పించి మరీ దారిస్తారు. ఎంత ఖరీదైన కారైనా ప్రభ వెనక నడక వేగంతో రావాల్సిందే. ఆ రోజు ఎవరూ "కుదరదు" అనరు. మిగతా రోజుల్లో మనం అనే "కుదరదు"కి అర్థం "దానికి అంత విలువ లేదు" అనే.

ఈ నేల మీదే మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని చెప్పుకుంటాం. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు పెడతారు. చాప మీద కూర్చున్నవాణ్ని ఎవరూ అడ్డం లెమ్మనరు. వీధి కూడా ఊరంతటికీ పరిచిన చాపే కదా అనిపిస్తుంది. రోజూ అక్కడ పక్కపక్కన ఉండటం రాకపోతే, ఏడాదికోసారి చాపకూడు తినీ ఏం లాభం?

పోయిన ఆదివారం నేను బండి తీయలేదు. అమ్మని ఒప్పించి కూరగాయలకి నడిపించుకెళ్లాను. తిరిగొస్తుంటే ఆ కుర్రాడే ఎదురయ్యాడు. పక్కన బండి ఆపి, "ఎక్కండి పిన్నీ, ఇంటి దగ్గర దింపేస్తా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"వద్దు నాయనా, నడుస్తా" అంది అమ్మ.

సరేనని నవ్వి, బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. మాకు కాస్త ముందు, చేతిలో మందుల కవరుతో నడుస్తున్న ఒకావిడ ఉలిక్కిపడి పక్కకి జరిగింది.