మౌనము కూడ ఒక బోధయే

మన ఇండ్లలో పిల్లవానిని గల్లాపెట్టె వద్ద కూర్చుండబెట్టుటకు ముందు ఎన్ని సంగతులు నేర్పుదుమో ఆలోచింపుడు. తూకము, చిట్టా, ఆవర్జా, చెల్లని నోటును గుర్తించుట, తీయని మాటలతో అరువడుగువానిని కనిపెట్టుట, ఇవన్నియు నేర్పుదుము. బజారులో మోసమున్నదని చెప్పినచో కొడుకు మోసగాడగునని ఏ తండ్రియు భయపడడు. కాని పదునాలుగు, పదునైదేండ్ల ప్రాయమున దేహమునందును మనస్సునందును కలుగు మార్పులను గూర్చి, స్త్రీపురుషుల సంబంధమును గూర్చి ఒక్క మాటయు చెప్పము. చెప్పినచో చెడిపోవుదురని భయము. ఈ భయము న్యాయమైనదేనా?

మన పూర్వుల కాలమున ఈ ప్రశ్న పిల్లల యెదుటికి రానేలేదు. వారు తమకై తాము నిర్ణయించుకొనక ముందే పెద్దలు పెండ్లి చేసెడివారు. 1929 నాటి శారదా చట్టము ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏండ్లు కనీస వయస్సుగా పెట్టినది. 1978లో అది 18, 21 అయినది. నేడు చదువుల వలన పెండ్లి ఇంకను ఆలస్యమగుచున్నది. యౌవనారంభమునకును పెండ్లికిని నడుమ పదేండ్ల కాలము ఏర్పడినది. ఆ పదేండ్లలో సినిమా ఒకటి చెప్పును, స్నేహితులు మరొకటి చెప్పుదురు, చేతిలోని ఫోను ఇంకొకటి చూపును. మనము మాత్రము పలుకము. 'ఈ సంగతి ఇంటిలో అడుగరాదు' అనునదే మన మౌనము నేర్పు పాఠము.

2007లో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వములు పాఠశాలలలో కౌమార విద్యను నిలిపివేసినవి. అది మన సంస్కృతికి తగదని పలువురు వాదించిరి. పాఠశాలకు తగనిచో, ఇంటిలోనైన చెప్పవలె గదా! చెప్పినంతమాత్రమున పిల్లలు తొందరపడరని, పెక్కు పరిశోధనలను పరిశీలించి, యునెస్కో 2018లో ప్రకటించినది. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము 18 నిండనివారి సమ్మతి సమ్మతియే కాదు. ఈ ముక్క మన కుమారులలో ఎందరికి తెలియును?

పదునైదేండ్ల పిల్లను ఎవడో ఫోటో చూపి బెదిరించెననుకొందము. ఆమెకు వానికన్న తండ్రియనినచో ఎక్కువ భయమైనచో, ఆ దుర్మార్గుని చేతిలోనే చిక్కియుండును. ఆ భయమును నేర్పినది మనమే.

మరియొక మాట. కూతురు తప్పటడుగు వేసినచో కులము తలవంచుకొనును. కొడుకు వేసినచో 'కుర్రతన' మందురు. తప్పుడు తూకములను వాడుట అచౌర్య వ్రతమునకు దోషమని తత్త్వార్థ సూత్రము చెప్పుచున్నది. అంగడిలో రెండు రకముల రాళ్లు పెట్టని మనము ఇంటిలో పెట్టవచ్చునా? స్వదార సంతోషమను గృహస్థ వ్రతము పురుషునికి గదా విధింపబడినది!

భయముచే కలిగిన నిగ్రహము కావలివాడున్నంత వరకే. తెలిసి పట్టిన నియమము ఊరు విడిచి హాస్టలుకు పోయినను వెంట వచ్చును. పిల్లల నిర్ణయమును మనము చేయజాలము. తెలిసి నిర్ణయించుకొను శక్తిని మాత్రము ఈయగలము. దానికి పెద్ద ఉపన్యాసము అక్కరలేదు. దుకాణము కట్టి ఇంటికి నడచునప్పుడు తండ్రి కొడుకుతో, వంటయింటిలో తల్లి కూతురితో, "ఏమి అడుగవలెననిపించినను నన్నే అడుగు, కోపపడను" అనినచో చాలును. అని, ఆ మాట నిలుపుకొనవలెను.